ఏడుగురితో కాశీ ప్రయాణం: బండికి ముందు ఏం చేయాలి?

ప్రశ్న: మాది నిజామాబాద్. నా దగ్గర 2017 మోడల్ మహీంద్రా ఎక్స్‌యూవీ 500 డీజిల్ బండి ఉంది. మొదటి ఓనరు దగ్గర కొన్నాను, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. టైర్లు కంపెనీవే, గీతలు ఇంకా బాగానే ఉన్నాయి. శివరాత్రి రద్దీ తగ్గాక అమ్మానాన్నల్ని, మేనత్తను తీసుకుని కాశీ, ప్రయాగ వెళ్దామనుకుంటున్నాం. నేను, నా భార్య, 9 ఏళ్ళ బాబు, 5 ఏళ్ళ పాప కలిపి మొత్తం ఏడుగురం. అత్తకు షుగర్, ఇన్సులిన్ వాడుతుంది. ఆదివారాలు బండి పని సొంతంగా చేసుకోవడం నాకిష్టం. డ్రిల్లు, సోల్డరింగ్ ఐరన్, పానాల సెట్టు ఉన్నాయి. 70 వేలు పక్కన పెట్టాను. రూఫ్ క్యారియర్, బుల్ బార్, ఎల్‌ఈడీ లైట్ బార్, ఒక సైజు పెద్ద టైర్లు, వెనక స్ప్రింగుల్లో రబ్బరు బఫర్లు, 12 వోల్టుల ఫ్రిజ్, ఇన్వర్టర్, డిక్కీలో ప్లైవుడ్ సొరుగులు, సన్ ఫిల్మ్... ఇదీ నా జాబితా. నాన్న "బండి బాగుంది, కెలక్కు" అంటున్నారు. నా భార్య మాత్రం వెనక సీటుకు చల్లగాలి, నీళ్ళ సీసాలకు చోటు ఉంటే చాలంటోంది. దేనితో మొదలుపెట్టమంటారు?

సమాధానం: మీ జాబితాలో తొమ్మిది ఉన్నాయి. వాటిలో ఏడు బండి బరువును పెంచేవే. ఏడుగురు కూర్చునే బండికి అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఆ బరువునే. అందుకే డ్రిల్లు బయటికి తీసే ముందు ఒక పెన్ను, కాగితం తీసుకోండి.

డ్రైవర్ డోర్ తీశాక కనిపించే స్తంభం మీదో, బానెట్ కిందో ఒక లోహపు పట్టీ ఉంటుంది. దాని మీద బండి మొత్తం బరువు ఎంత దాటకూడదో కిలోల్లో రాసి ఉంటుంది. ఆర్‌సీలో ఖాళీ బండి బరువు ఉంటుంది. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే మిగిలేది మనుషులకు, సామానుకు, మీరు బిగించే ప్రతి వస్తువుకు కలిపి బండి ఇచ్చే చోటు. ఏడు సీట్ల బళ్ళలో ఇది మామూలుగా అయిదున్నర వందల నుంచి ఆరున్నర వందల కిలోల మధ్య ఉంటుంది. ఇప్పుడు మీ లెక్క చూడండి. అయిదుగురు పెద్దవాళ్ళు, సగటున 65 కిలోలనుకుంటే 325. పిల్లలిద్దరూ 45. తలా ఒక పది కిలోల బ్యాగు, 70. ఇక్కడికే 440 అయింది. బుల్ బార్‌కు పాతిక ముప్పై, ఇనుప క్యారియర్‌కు ఇరవై, సొరుగులకు నలభై, నిండిన ఫ్రిజ్‌కు ముప్పై, ఇన్వర్టర్‌కూ దాని బ్యాటరీకీ మరో పాతిక కలపండి. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు, 12 ఎంఎంది, ఒక్కటే ఇరవై కిలోలు దాటుతుంది కాబట్టి సొరుగులకు నలభై అన్నది ఎక్కువేం కాదు. మొత్తం 580 దాటింది. తిరుగు ప్రయాణంలో గంగాజలం క్యాన్లు, చీరలు, ఇత్తడి సామాను ఉండనే ఉంటాయి.

బరువు హద్దు దాటితే బండి ఆగిపోదు, నడుస్తూనే ఉంటుంది. అదే ప్రమాదం. బ్రేకు వేశాక ఆగే దూరం పెరుగుతుంది, టైరు లోపల వేడి పెరుగుతుంది, వెనక భాగం కుంగి ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. ఎండలో, వంద మీద, గంటల తరబడి పోతున్నప్పుడు ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి.

అంచనాలతో సరిపెట్టుకోకండి. మీ ఊరి చుట్టూ రైస్ మిల్లులున్నాయి, ధర్మకాంటలకు కొదవలేదు. ఒక ఆదివారం ట్యాంకు నింపి, ఏడుగురూ ఎక్కి, నిజంగా సర్దిన బ్యాగులతోనే కాంటా ఎక్కండి. ముందు మొత్తం బండి తూకం చూడండి, తర్వాత వెనక చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేలా నిలిపి ఇంకోసారి తూచమనండి. పట్టీ మీద ఇరుసుకు విడిగా అంకె ఉంటే దానితో పోల్చండి. ఆ చీటీ చూశాక మీ జాబితాలో ఏది ఉండాలో ఏది పోవాలో సగం మీకే తేలిపోతుంది.

ఇక డబ్బు. మీ 70 వేలలో సగానికి పైగా టైర్లకే పెట్టమంటాను. గీతలు బాగున్నాయన్నారు, కానీ టైరుకు వయసు కూడా ఉంటుంది. టైరు గోడ మీద నాలుగు అంకెల గుర్తు చూడండి. 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైనదని అర్థం. ఇన్నేళ్ళకు రబ్బరు గట్టిపడుతుంది, పక్క గోడల మీద సన్నటి పగుళ్ళు వస్తాయి. నిండు బరువుతో, వేడి రోడ్డు మీద పేలేవి ఇలాంటి టైర్లే. నాలుగూ మార్చండి, సైజు మాత్రం మార్చకండి. టైరు పెద్దదైతే స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, చక్రం తిప్పే బరువు పెరుగుతుంది, బ్రేకుల మీద భారం పడుతుంది. చూడాల్సింది సైజు పక్కన ఉండే లోడ్ ఇండెక్స్. 104 అని ఉంటే ఆ టైరు 900 కిలోలు మోస్తుందని లెక్క. కంపెనీ టైరు మీద ఉన్న అంకె కంటే తక్కువది ఎవరు ఎంత చవకగా ఇస్తామన్నా తీసుకోకండి. గాలి విషయానికొస్తే, డోర్ పక్క స్టిక్కర్ మీద ఖాళీ బండికి, నిండు బండికి వేర్వేరు అంకెలుంటే నిండు బండి అంకే పట్టించండి. అదీ పొద్దున, టైరు చల్లగా ఉన్నప్పుడు. మిట్టమధ్యాహ్నం గాలి ఎక్కువగా చూపిస్తోందని బంకులో తీయించడం చాలామంది చేసే పని. అది వేడి వల్ల పెరిగిన గాలి, దాని జోలికి పోవద్దు.

టైర్ల తర్వాత బ్రేకులు. ప్యాడ్ల మందం చూడటం మీకు కష్టం కాదు. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటిందేమో పాత సర్వీసు బిల్లుల్లో వెతకండి, దొరక్కపోతే దాటిందనే అనుకోండి. అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. తేమ చేరిన కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే పైపులో ఆవిరి బుడగలు చేరి పెడల్ మెత్తగా కిందికి వెళ్ళిపోతుంది. మీ దారిలో దీనికి సరైన పరీక్ష ఉంది. ఆర్మూర్ దగ్గర 44వ నంబరు హైవే ఎక్కి నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా మీదుగా వెళ్తారు కదా, మంగవాన్ దాటాక మీర్జాపూర్ వైపు వెళ్తే ద్రమండ్‌గంజ్ ఘాట్, ప్రయాగ వైపు వెళ్తే సోహాగీ ఘాట్. రెండూ ప్రమాదాలకు పేరుపడ్డవే. పీఠభూమి మీంచి గంగా మైదానంలోకి దింపే దారులు కాబట్టి మీరు పోయేటప్పుడు దిగేది నిండు బండితోనే. అక్కడ రెండో గేరో మూడో గేరో వేసి ఇంజన్‌తోనే వేగం అదుపులో పెట్టాలి, బ్రేకు మీద కాలు ఆనించి దిగకూడదు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి బ్రేక్ ఆయిల్ మార్పు మెకానిక్ చేతే చేయించండి. సొంతంగా చేసుకోవాలన్న మీ సరదా నాకు నచ్చింది గానీ, బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ ఈ మూడింటి దగ్గర మాత్రం సరదా వద్దు.

మీ చేతులకు పని చెప్పే మొదటి అంశం స్టెప్నీ. ఇలాంటి బళ్ళలో అది వెనక కింద వేలాడుతూ ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండిలో దాన్ని దించి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలీదు. ఇంటి ముందే ఒకసారి దించండి. దించే కేబుల్ తుప్పుతో బిగుసుకుపోయిందా, టైరు మీద తేదీ ఎంత, గాలి ఉందా, అన్నీ చూడండి. కేబుల్ శుభ్రం చేసి గ్రీజు పట్టించి మళ్ళీ ఎక్కించండి. తర్వాత ఒక చక్రం విప్పి బిగించండి. షాపుల్లో గాలి గన్నుతో బిగించిన నట్లు బండితో వచ్చిన పొట్టి పానాకు ఒక పట్టాన లొంగవు. అలా అయితే పొడుగు పిడి ఉన్న పానా కొని పెట్టుకోండి. జాకీ కింద వేయడానికి అడుగున్నర చదరపు ప్లైవుడ్ ముక్క కూడా ఉంచండి, రోడ్డు పక్క మెత్తటి మట్టిలో జాకీ దిగబడకుండా అది కాపాడుతుంది. ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, గాలి కొట్టే చిన్న కంప్రెసర్ తీసుకోండి. కంప్రెసర్‌ను మాత్రం లైటర్ సాకెట్‌కు పెట్టేది కాకుండా బ్యాటరీకి క్లిప్పులతో పట్టించేది చూడండి. సాకెట్ ఫ్యూజు ఆ కరెంటుకు మధ్యలో ఎగిరిపోతే అసలు అవసరమైనప్పుడు గాలీ ఉండదు, ఫోన్ ఛార్జింగూ ఉండదు.

సామాను సంగతికి వద్దాం. మూడో వరుస లేపి కూర్చుంటే మీ డిక్కీలో మిగిలేది వంద లీటర్ల లోపే. అందులో సొరుగులు కట్టడం కుదరదు, కట్టినా బరువు తప్ప లాభం లేదు. కాబట్టి సొరుగులు కొట్టేయండి, క్యారియర్ ఉంచండి. అయితే బుట్టలా ఉండే ఇనుప క్యారియర్ కాదు. రూఫ్ రెయిల్స్‌కు పట్టే రెండు అల్యూమినియం అడ్డ కడ్డీలు, వాటి మీద నీళ్ళు దిగని మెత్తటి సంచి చాలు. పైకప్పు ఎంత మోస్తుందో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. క్యారియర్ బరువు కూడా అందులో భాగమే. పైకి బట్టల బ్యాగులు మాత్రమే పోవాలి. నీళ్ళు, పచ్చళ్ళ డబ్బాలు, బియ్యం వంటి బరువులన్నీ కిందే, వీలైనంత ముందుకు, సీటు వీపుకు ఆనించి పెట్టాలి. పైన బరువు పెరిగితే మలుపులో బండి ఊగుతుంది, మైలేజీ పడిపోతుంది.

సంచిని సాదా తాడుతో కట్టకండి. రాచెట్ పట్టీలు, అంటే పిడి ఆడిస్తూ బిగించేవి, వాడండి. పట్టీ చదునుగా లాగి కడితే ఎనభై దాటగానే గాలికి అదిరి, ఏడుగురికీ తలనొప్పి తెచ్చేంత మోత పెడుతుంది. కట్టేటప్పుడు దాన్ని ఒక్క మెలిక తిప్పితే ఆ మోత ఆగిపోతుంది. బయల్దేరిన పది పదిహేను కిలోమీటర్లకు ఆపి ఒకసారి బిగించండి, సంచిలోని బట్టలు అణిగి పట్టీ వదులవుతుంది. డిక్కీలో కూడా సామాను సీటు వీపు ఎత్తు దాటకూడదు. మూడో వరుసలో తలలు అక్కడే ఉంటాయి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు గుంజుకు నిలిచే వల ఒకటి, డిక్కీ నేల మీద ఉండే కొక్కేలకు పట్టించండి. కొక్కేలు లేకపోతే సీట్ల బోల్టులకు పట్టే రింగులు దొరుకుతాయి. బాడీ రేకుకు కొత్తగా రంధ్రాలు వేయకండి, ఆ రేకు కింద ఇంధనం పైపులు, వైర్లు పోతుంటాయి.

మీ భార్య అడిగింది చిన్న విషయం కాదు. దొర్లే నీళ్ళ సీసా డ్రైవర్ కాళ్ళ దగ్గరికి వచ్చి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ముందు సీట్ల వీపులకు గట్టి కాన్వాస్‌తో అరల సంచులు కుట్టించండి. రెడీమేడ్‌వి కొనేకంటే టైలర్‌కు మీ సీటు కొలత ఇచ్చి కుట్టిస్తే బాగా అతుకుతాయి. కింద చెప్పులకు వెడల్పు అర, పైన సీసాలకు ఎలాస్టిక్ అంచు ఉన్న అరలు పెట్టించండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న గుడ్డ ముక్క కుట్టి ఉంటే ఆ వైపు ఏదీ చుట్టకూడదు, సీటు కవర్ అయినా సరే.

ఇప్పుడు ఫ్రిజ్. మీ మేనత్త ఇన్సులిన్ లేకపోతే వద్దనేవాణ్ని. ఉంది కాబట్టి పెట్టుకోండి, కానీ నలభై లీటర్లది కాకుండా పదిహేను లీటర్లది చాలు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టిందంటే పారేయడమే. అందుకే ఫ్రిజ్‌ను 5 దగ్గర పెట్టి, లోపల విడిగా ఒక చిన్న థర్మామీటర్ ఉంచండి. ప్రస్తుతం వాడుతున్న పెన్ను బయట ఎంతకాలం ఉంచవచ్చో డాక్టర్‌ను అడిగి రాసుకోండి. ఎండలో ఆపిన కారులో మాత్రం దాన్ని ఏ అరలోనూ వదలొద్దు, మనిషితో పాటే దిగాలి.

ఆ ఫ్రిజ్‌కు డిక్కీ దాకా వైరు లాగడం మీ ఆదివారానికి తగ్గ పని. బ్యాటరీ నుంచి డిక్కీ వరకు లోపలి దారిన అయిదు మీటర్లనుకుందాం. పోనూ రానూ పది మీటర్లు. ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగితే, ఒక ఎస్‌క్యూ ఎంఎం (వైరు లావును చెప్పే కొలత) వైరులో దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. అదే 4 ఎస్‌క్యూ ఎంఎం వైరులో పోయేది 0.2 వోల్టే. ఇంజన్ ఆపి టిఫిన్‌కు దిగినప్పుడు బ్యాటరీ 12.4 దగ్గర ఉంటే, సన్న వైరు చివర ఫ్రిజ్‌కు అందేది 11.5. బ్యాటరీ దిగిపోయిందనుకుని ఫ్రిజ్ తనంతట తానే ఆగిపోవచ్చు. చాలామంది ఫ్రిజ్ పాడైందని వెనక్కి పంపేది ఈ సన్న వైరు వల్లే. కాబట్టి 4 ఎస్‌క్యూ ఎంఎం వైరు తీసుకోండి. ఇంటి వైరింగుది కాదు, వేడికీ ఆయిల్‌కూ తట్టుకునే ఆటోమొబైల్ వైరు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఫ్యూజు కాపాడేది ఫ్రిజ్‌ను కాదు, వైరును. డిక్కీ దగ్గర పెడితే మధ్యలో వైరు ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా మంటే. దీనికి నీలం రంగు 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ఇంజన్ గది నుంచి లోపలికి వైరు దూర్చే చోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి, లేకపోతే రేకు అంచు రెండు నెలల్లో పైపొరను కోసేస్తుంది. కీళ్ళ దగ్గర సోల్డర్ చేసి వదిలేయకండి. కదిలే బండిలో సోల్డర్ ఆగిన చోట వైరు విరుగుతుంది. మంచి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, పైన హీట్ ష్రింక్ గొట్టం వేయండి. పసుపు రంగు గొట్టంలోనో, పసుపు కనెక్టర్‌తోనో పోయే వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని ముట్టుకోవద్దు, వాటికి మీ వైరును కట్టవద్దు. డాష్‌క్యామ్ పెట్టే ఆలోచన ఉంటే ఇదే ఊపులో చేసేయండి. ఫ్యూజు బాక్సులో కీ తిప్పినప్పుడే కరెంటు వచ్చే చోట ఫ్యూజు ట్యాప్ (ఉన్న ఫ్యూజు చోటి నుంచే ఇంకో వైరుకు కరెంటు ఇచ్చే చిన్న కనెక్టర్) గుచ్చితే ఒక్క వైరు కూడా కోయనక్కర్లేదు. మన ఎండలకు లోపల లిథియం బ్యాటరీ ఉన్నది కాకుండా కెపాసిటర్ ఉన్న క్యామెరా తీసుకోండి.

ఇన్వర్టర్ వద్దు. దాని మీద మీరు అనుకునేది రైస్ కుక్కరే అయి ఉంటుంది. 700 వాట్ల కుక్కర్ 12 వోల్టుల దగ్గర అరవై ఆంపియర్ల పైన లాగుతుంది. దానికి వేరే బ్యాటరీ, వేలెడు లావు వైర్లు కావాలి. కుక్కర్‌ను సత్రం గదిలో గోడ ప్లగ్గుకు పెట్టుకోండి. అలాగని చిన్న గ్యాస్ సిలిండర్ బండిలో ఎక్కించకండి. ఏడుగురు కూర్చున్న మూసిన బండిలో, ఎండలో, దానికి చోటు లేదు.

లైట్ బార్‌కు పెట్టే డబ్బు, శ్రమ ఇప్పుడున్న హెడ్‌లైట్ల మీద పెట్టండి. ఎదుటి డ్రైవర్ కళ్ళు బైర్లు కమ్మితే అతను వచ్చేది మీ మీదికే. ఎనిమిదేళ్ళు దాటిన పాలీకార్బనేట్ గ్లాసు పసుపెక్కి సగం వెలుతురు అక్కడే ఆగిపోతుంటుంది. చుట్టూ పెయింట్‌కు మాస్కింగ్ టేపు వేసి, సబ్బు నీళ్ళతో 800 వాటర్ పేపర్ అడ్డంగా రుద్దండి. మొదట పసుపు నీళ్ళు కారతాయి. తెల్లటి నీళ్ళు కారేదాకా 800ను వదలొద్దు, అక్కడ తొందరపడితే తర్వాత ఎంత పాలిష్ చేసినా మచ్చలు మిగులుతాయి. తర్వాత 1500 నిలువుగా, 2000 మళ్ళీ అడ్డంగా, ఆఖరున 3000. దిక్కు మార్చేది ముందటి పేపర్ గీతలు పోయాయో లేదో కనబడటానికి. ఆపైన కాంపౌండ్‌తో పాలిష్, ఆరాక యూవీ కోటింగ్ గానీ పారదర్శక రక్షణ ఫిల్మ్ గానీ వేయాలి. ఈ ఆఖరి పని మానేస్తే కొన్ని నెలల్లో పసుపు మళ్ళీ వస్తుంది.

బండి నిండినప్పుడు వెనక కుంగి, లైట్లు ఆకాశం వైపు లేస్తాయి. డాష్‌బోర్డులో 0, 1, 2, 3 అని ఉండే చిన్న చక్రం దీనికే. చదునైన చోట గోడకు అయిదు మీటర్ల దూరంలో, డ్రైవర్ ఒక్కడే ఉన్నప్పుడు చక్రం 0లో పెట్టి, డిమ్ వెలుగు పై అంచు గోడ మీద ఎక్కడ పడుతోందో టేపుతో గుర్తు పెట్టండి. తర్వాత అందర్నీ, సామానునూ ఎక్కించి, వెలుగు మళ్ళీ ఆ టేపు దగ్గరికి దిగేదాకా చక్రం తిప్పండి. ప్రయాణమంతా ఆ అంకె మీదే ఉంచండి. దానితో పాటు వైపర్ బ్లేడ్లు మార్చండి, ముందు అద్దం లోపలి వైపు పేరుకున్న జిడ్డు పొర తుడవండి. పెద్దగా ఖర్చు లేకుండా రాత్రి చూపు మెరుగుపడుతుంది. వీలైతే పెద్దవాళ్ళతో రాత్రి నడపనే వద్దు, వెయ్యి కిలోమీటర్ల పై దారి కదా, మధ్యలో రెండు రాత్రులు ఆగినా నష్టం లేదు.

చల్లగాలికి మొదటి మందు క్యాబిన్ ఫిల్టర్. చాలా బళ్ళలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, మార్చడం పది నిమిషాల పని. పాతది తీసి చూస్తే ఆకులు, దుమ్ము గడ్డకట్టి ఉండటం మామూలే. గ్రిల్ వెనక కండెన్సర్‌ను పైపు నీళ్ళతో మెల్లగా కడగండి, ప్రెషర్ గన్ పెడితే దాని రేకులు వంగిపోతాయి. అప్పటికీ మూడో వరుసకు గాలి అందకపోతే రెండో సీటు హెడ్‌రెస్ట్ కడ్డీకి పట్టే చిన్న యూఎస్‌బీ ఫ్యాను చల్లగాలిని వెనక్కి తోస్తుంది. ఆపినప్పుడు ముందు అద్దానికి వెండి రంగు షీటు వేయండి. ఫిల్మ్ జోలికి పోకండి. అద్దాలకు నల్ల ఫిల్ములు అతికించడాన్ని 2012లో సుప్రీంకోర్టు నిషేధించింది. ఆ తర్వాత గాజు నిబంధనల్లో మార్పులు వచ్చాయి నిజమే, కానీ మూడు రాష్ట్రాలు దాటే దారిలో ప్రతి చెక్‌పోస్టులో ఆ వాదన పెట్టుకోవడం మీ అమ్మానాన్నలకు విసుగు తప్ప ఇంకేం కాదు. ఇంకో మాట, ఏసీ వేసుకుని ఇంజన్ నడుస్తుండగా ఆపిన బండిలో అద్దాలు మూసి ఎవరూ పడుకోకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి చేరితే వాసన కూడా తెలియదు.

బుల్ బార్ ఎందుకు కావాలనుకున్నారో అర్థమైంది. నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవి మీదుగా వెళ్ళాలి, పశువులు, అడవి పందుల భయం. ఆ రోడ్డు కింద జంతువుల కోసం అండర్‌పాస్‌లు కట్టారు. మీరు చేయాల్సిందల్లా అక్కడ వేగం తగ్గించడమే. ముందు భాగం నలిగి దెబ్బను తాను తీసుకునేలా, సరైన క్షణంలో ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేలా కంపెనీ లెక్క కట్టి ఉంటుంది. ఇనుప చట్రం ఆ లెక్కను తప్పిస్తుంది, అడ్డొచ్చిన మనిషికైతే చావుదెబ్బ. ఇవి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. బఫర్ల విషయంలోనూ నా మాట అదే, వద్దు. వెనక కుంగుతోందంటే బరువు ఎక్కువై ఉండాలి, లేదా షాక్ అబ్జార్బర్లు నూనె కార్చి ఉండాలి. మొదటిది కాంటా చెబుతుంది, రెండోది వంగి చూస్తే కనబడుతుంది. బఫర్ పెడితే కుంగడం దాగుతుంది, కారణం అలాగే ఉంటుంది.

సీట్లలో ఎవరెక్కడ అన్నది కూడా అప్‌గ్రేడే అంటాను. ముందు మీ పక్కన నాన్నగారు. మధ్య వరుసలో అమ్మ, అత్త, చైల్డ్ సీటులో పాప. వెనక మీ భార్య, బాబు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను మూడో వరుసకు పంపొద్దు. వెనక్కి ఎక్కే దారి ఏ వైపు సీటు మడిస్తే వస్తుందో చూసి, చైల్డ్ సీటు దానికి రెండో వైపు బిగించండి. సెకండ్ హ్యాండ్ బళ్ళలో సీటు కవర్లు వేసేటప్పుడు వెనక బెల్టుల బకిల్స్ కిందికి తోసేస్తారు. ఏడింటినీ బయటికి లాగండి, ఒక్కో బెల్టును ఒక్కసారిగా గుంజి లాక్ పడుతోందో లేదో చూడండి, అంచులు చిరిగాయేమో వేలితో తడిమి చూడండి. పడనిది ఉంటే ప్రయాణానికి ముందే మార్చాలి. వెనక కూర్చున్నవాళ్ళకు కూడా బెల్టు తప్పనిసరి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి అటుంచితే, బెల్టు లేని వెనక మనిషి ముందు మనిషి మీద పడతాడు, మీ విషయంలో అది నాన్నగారి మీద.

అమ్మ, అత్త ఎక్కడానికి ఒక పీట చేయండి. నేల నుంచి డోర్ గడప ఎత్తు కొలిచి, అందులో సగం ఎత్తున 18 ఎంఎం ప్లైవుడ్‌తో, కాళ్ళు బయటికి కొంచెం వాలేలా చేసి, పైన రబ్బరు మ్యాట్, కింద నాలుగు రబ్బరు బుష్‌లు కొట్టండి. మీద నిలబడి అటూ ఇటూ ఊగి చూడండి, కదలకూడదు. ఒక తాడు ముక్క కడితే దించడం, ఎత్తడం మీ బాబు పని అవుతుంది. వేల రూపాయల ఫుట్‌బోర్డు కంటే ఈ పీటే మీ ఇంటి పెద్దవాళ్ళకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

అగ్నిమాపక సిలిండర్, కిలోది, డిక్కీలో కాకుండా డ్రైవర్ సీటు చేతికందేలా బిగించండి. ఎర్ర త్రికోణం, ఫస్ట్ ఎయిడ్ బాక్సు ఉన్నాయో చూసుకోండి. హైవే మీద ఏ ఇబ్బందొచ్చినా 1033, ప్రాణాపాయమైతే 112. టోల్ ఖర్చుకు ఫాస్టాగ్ వార్షిక పాస్ చూడండి, ఏడాది లేదా 200 ట్రిప్పులు, జాతీయ రహదారుల మీద సొంత కార్లకు. 2025లో మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు. మీ రానూపోనూ దారికే చాలా టోల్ గేట్లున్నాయి. ఏది బిగించినా ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

అన్నీ అయ్యాక, బయల్దేరడానికి రెండు వారాల ముందు, ఇదే సామానుతో ఇదే సీట్లలో ఏడుగురూ బాసర వెళ్ళి రండి. ఎవరి కాళ్ళు ఇరుకయ్యాయి, ఏ పట్టీ మోత పెట్టింది, వెనక చల్లగా ఉందా, ఫ్రిజ్ ఎంత డిగ్రీ చూపిస్తోంది, అన్నీ రాసుకోండి. కొత్త టైర్లు వేశాక మొదటి వంద కిలోమీటర్లకు వీల్ నట్లు ఒకసారి మళ్ళీ బిగించాలి, బాసర నుంచి ఇంటికి రాగానే బండి చల్లారాక ఆ పని చేసేయండి.